రాజమండ్రి పాత రైలు వంతెనకు నిజంగా వయసైపోయిందా?

"రాజమండ్రిలో గోదావరి మీదున్న పాత ఇనుప రైలు వంతెన ఇప్పటికీ గట్టిగానే కనిపిస్తోంది, మరి 1997లో రైళ్ళు ఎందుకు ఆపేశారు? వందేళ్ళ గడువు తీరిందని కట్టిన కంపెనీ ఇంగ్లండ్ నుంచి ఉత్తరం రాసిందని మా తాతయ్య చెప్పేవారు, నిజమేనా? ఆ రోజుల్లో అంత నీళ్ళలో పునాదులు ఎలా దింపారు? ఇప్పుడు దాని మీద జనాన్ని నడవనిస్తామంటున్నారు, భయం లేదా?" అని అడిగారు మీరు.

నేను రైల్వే బ్రిడ్జి విభాగంలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. అందులో కొన్నేళ్ళు గోదావరి గట్టునే గడిచాయి. కాస్త పొడుగ్గా చెబుతాను, ఓపిక చేసుకోండి.

ముందు ఆ ఉత్తరం సంగతి తేల్చేద్దాం. మీ తాతగారి మాటని తప్పు పట్టను, ఎందుకంటే ఈ కథ ఆయనొక్కరే చెప్పలేదు. తెల్లదొరల కాలంలో కట్టిన ప్రతి వంతెన కిందా ఈ కథ ఒకటి ప్రవహిస్తూ ఉంటుంది. కొన్ని ఊళ్ళలో ఉత్తరం వచ్చిందంటారు, కొన్ని ఊళ్ళలో టెలిగ్రాం, ఈమధ్య వాట్సాప్‌లో చూస్తే ఈమెయిల్ వచ్చిందట. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆ ఉత్తరాన్ని నేను చూడలేదు, చూశానని చెప్పిన గుమస్తా కూడా నాకు తగల్లేదు. అసలు ఈ వంతెన కట్టించింది అప్పటి ఈస్ట్ కోస్ట్ రైల్వే. అది ప్రభుత్వ రైల్వే. ఇక గడువు అయిపోయిందని ఎవరు ఎవరికి రాస్తారు చెప్పండి?

ఇనుముకి మందుసీసా మీద వేసినట్టు తారీఖు వేయరు. బీహార్‌లో సోన్ నది మీద కోయిల్వర్ వంతెన ఉంది. 1862లో రైళ్ళు మొదలయ్యాయి, ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాయి. మన దాని కంటే 38 ఏళ్ళు పెద్దది. మరోపక్క 1914లో తెరిచిన పాంబన్ పాత వంతెన మీద 2022లో రైళ్ళు ఆగిపోయాయి. అక్కడ ఉప్పుగాలి ఇనుముని తినేసింది. అంటే వయసు ఒక్కటే చూసి ఏ వంతెన సంగతీ చెప్పలేం. పైనుంచి ఎంత బరువు పడుతోంది, గాలీ తేమా ఎంత తింటున్నాయి, కింద నది ఏం చేస్తోంది, ఈ మూడూ చూడాలి. మన రాజమండ్రి పాత వంతెన, అంటే హేవలాక్ వంతెన విషయంలో నా లెక్క ఏమిటంటే, కింది పరీక్షలో అది ఫస్ట్ క్లాసులో పాసయింది. దానికి వెనకబాటు వచ్చింది పైన, బరువు దగ్గర. జనం చూసేది పైనున్న గర్డర్లని, అంటే పట్టాల్ని మోసే పెద్ద ఇనుప కట్టడాల్ని కాబట్టి "ఇంత గట్టిగా ఉంటే ఎందుకు ఆపారు" అన్న ప్రశ్న వస్తుంది.

నాకు ఇష్టమైన కింది భాగం నుంచే మొదలుపెడతాను.

1893 నుంచి 1896 దాకా విజయవాడ–కటక్ లైను ముక్కలు ముక్కలుగా తెరిచారు. కృష్ణ మీద విజయవాడ వంతెన 1893లోనే వచ్చేసింది. గోదావరి దగ్గర మాత్రం బండి ఆగిపోయేది. ప్రయాణికులు సామానుతో సహా దిగి, నది దాటి, అవతలి గట్టున ఇంకో బండి ఎక్కాలి. రెండు గట్ల మీదా లైను ఉండి కూడా రాజమండ్రికీ కొవ్వూరుకీ మధ్య అతుకు పడలేదన్నమాట. ఆ అతుకే ఈ వంతెన. 1897 నవంబరు 11న పని మొదలైంది, 1900 ఆగస్టు 30న రాకపోకలకి తెరిచారు. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ ఎలిబ్యాంక్ హేవలాక్ పేరు పెట్టారు. పని నడిపించిన ఇంజనీరు ఫ్రెడరిక్ థామస్ గ్రాన్‌విల్ వాల్టన్. అంతకు ముందు కాశీలో గంగ మీద డఫ్రిన్ వంతెన, అంటే ఇప్పటి మాలవీయ వంతెన కట్టిన మనిషి. గవర్నరు పేరు అందరికీ తెలుసు, వాల్టన్ పేరు గోదావరి జిల్లాల్లో నూటికి ఒక్కరికి తెలిస్తే గొప్ప. ఇది నాకు ఎప్పుడూ కాస్త బాధే.

ఆ తారీఖుల్ని ఇంకోసారి చూడండి. నవంబరులో మొదలుపెట్టారు. గోదావరి గట్టున పుట్టినవాళ్ళకి ఇందులో కిటుకు వెంటనే తెలుస్తుంది. ఎర్రనీరు దిగిపోయి, వరద భయం తీరి, నదిలో ఇసుక మేటలు బయటపడేది అప్పుడే. మళ్ళీ జూన్ చివరికి కొత్తనీరు వచ్చేస్తుంది. అంటే ఏడాదిలో నదిలో దిగి పనిచేసే రోజులు ఏడో ఎనిమిదో నెలలు. 1897 నవంబరు నుంచి 1900 ఆగస్టు దాకా ఇలాంటి పని కాలాలు మూడే మూడు. మూడు ఎండాకాలాల్లో గోదావరికి అడ్డంగా 56 ఖానాల వంతెన లేపారు! ఖానా అంటే రెండు స్తంభాల మధ్య ఖాళీ. ఒక్కో ఖానా 150 అడుగులు, అంటే 45.7 మీటర్లు. మొత్తం పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. ఈ రోజుల్లో మా వీధి చివర కల్వర్టుకి ఎన్నాళ్ళు పట్టిందో గుర్తొస్తే నవ్వొస్తుంది.

పునాదులు ఎలా దింపారంటే, మీ ఊళ్ళో ఇసుక నేలలో నుయ్యి తవ్వి ఒరలు దింపడం చూశారా? మనిషి ఒరలో కూర్చుని అడుగున మట్టి తోడుతూ ఉంటే, ఒర తన బరువుకి తానే కిందికి జారుతుంది, పైన ఇంకో ఒర పెడతారు. గోదావరిలో చేసిందీ అదే, కాకపోతే భారీగా. దీన్ని మా భాషలో వెల్ ఫౌండేషన్ అంటాం, పాత మేస్త్రీలు "బావి" అనేవారు. ఇసుక మేట మీద, లేదా నీళ్ళున్న చోట ఇసుక పోసి చిన్న దిబ్బ చేసి, దాని మీద కత్తిలాంటి ఇనుప అంచున్న చట్రం పెడతారు. చట్రం మీద బావి గోడ కడతారు. గోడ కొంత ఎత్తు లేచాక లోపల్నుంచి ఇసుక తోడతారు. నీళ్ళలో దిగి తోడలేరు కాబట్టి పంజాలాంటి ఇనుప తొట్టిని గొలుసుతో దింపితే, అది అడుగున ఇసుకని పిడికిట పట్టి పైకి తెస్తుంది. బావి దిగుతుంది, గోడ మళ్ళీ పైకి కడతారు, మళ్ళీ తోడతారు.

చెప్పడానికి తేలికే. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, ఇసుక పొర అయిపోయి బంకమట్టి తగిలిందనుకోండి, బావి మొండికేస్తుంది. అప్పుడు పైన రైలు పట్టాలు పేర్చి బరువు పెడతారు. ఎప్పుడో కొట్టుకొచ్చి పూడిపోయిన చెట్టు దుంగ ఒక పక్క అడ్డం పడితే బావి ఒరుగుతుంది. ఒరిగిన బావిని నిలబెట్టడం ఒక విద్య. ఏ పక్క ఎత్తుగా ఉందో ఆ పక్కే ఎక్కువ తోడాలి, తొందరపడితే రెండో పక్కకి ఒరుగుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో వేరే నది మీద ఒక కొత్త వంతెన పనిలో ఇది కళ్ళారా చూశాను. అక్కడి పెద్ద మేస్త్రీ ఒకాయన, కోనసీమ మనిషి, రాత్రి పూట బావి అంచున చెంబుతో నీళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. చెంబులో నీటి అంచు చూసి బావి ఎటు వాలుతోందో చెప్పేసేవాడు. మేం మర్నాడు పొద్దున్న లెవల్ పెట్టి చూస్తే అదే వచ్చేది. "ఏం మేస్త్రీ, ఎలా చెప్పావు?" అంటే "ఆయ్, గోదారి నేర్పిందండి బాబూ" అనేవాడు, అది ఏ నది అయినా సరే.

అనుకున్న లోతుకి దిగాక అడుగున కాంక్రీటుతో మూత వేస్తారు, లోపల ఇసుక నింపుతారు, పైన మూత వేసి దాని మీద రాతి కట్టడంతో పియరు, అంటే వంతెన స్తంభం లేపుతారు. మీరు బయట చూసే రాతి పియరు మొత్తం కట్టడంలో చిన్న ముక్క. అసలు శరీరం ఇసుకలో ఉంది.

ఎందుకంత లోతుకి పోవాలి? వరద వచ్చినప్పుడు నది అడుగు అక్కడే ఉండదు, అదీ కారణం. మామూలు మనిషికి ఇది నమ్మబుద్ధి కాదు. నీటి మట్టం పైకి లేస్తోంటే, అదే సమయంలో అడుగున ఇసుక లేచిపోయి మట్టం కిందికి పోతూ ఉంటుంది. పియరు చుట్టూ సుడి తిరిగి గుంట పడుతుంది. మేం దీన్ని స్కవర్ అంటాం, కోత అనుకోండి. వరద తగ్గేటప్పుడు అదే గుంటలో మళ్ళీ ఇసుక మేట వేసేస్తుంది. ఎండాకాలంలో వెళ్ళి చూస్తే ఏమీ జరగనట్టు చదునుగా ఉంటుంది. అందుకే వేసవిలో తీసిన కొలతని చూసి ధీమా పడకూడదని మాకు మొదట చెప్పే పాఠం. వరద పారుతున్నప్పుడే తాడుకి సీసపు గుండు కట్టి పియరు పక్కన లోతు చూడాలి. గుండు వాలుకి కొట్టుకుపోతుంది, తాడు వంకరపోతుంది, చెయ్యి కోసుకుపోతుంది. అదో నరకం.

1986 ఆగస్టు వరద మీకు తెలిసే ఉంటుంది, లేదా ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పి ఉంటారు. భద్రాచలంలో 75.6 అడుగులు వచ్చింది, ఇప్పటికీ అదే రికార్డు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోయింది. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 17.75 అడుగులకి, ఆ ఏడాది అది కూడా దాటిపోయింది. నాకప్పుడు సర్వీసు రెండేళ్ళు. గంటగంటకీ పియరు మీద గుర్తుల్ని టార్చి లైటుతో చూసి పుస్తకంలో రాయడం నా డ్యూటీ. పెద్ద పెద్ద మానులు వేళ్ళతో సహా కొట్టుకొచ్చి పియర్లకి తగులుతుంటే ఆ దెబ్బ పట్టాల మీద నిలబడ్డ మన కాళ్ళకి తెలిసేది. టెన్షన్ అంటే ఏమిటో నేను ఆ రాత్రి నేర్చుకున్నాను. మా పై ఆఫీసరు మాత్రం ఒక్కటే మాట అన్నారు: "పైకి చూడకు, కిందికి చూడు." అప్పటికి ఆ వంతెన వయసు 86 ఏళ్ళు. నిలబడింది. దాని కంటే ముందు 1953 వరదనీ అలాగే చూసింది. వాల్టన్ దింపిన బావుల మీద నాకు గౌరవం పుస్తకాలు చదివి రాలేదు, ఆ రాత్రి వచ్చింది.

సరే, ఇక పైకి వద్దాం. ఎందుకు ఆపారన్న దానికి జవాబు ఇక్కడుంది.

1897–1900 నాటి వంతెనని ఆ కాలపు ఇంజన్లకి, ఆ కాలపు బండ్లకి లెక్కేసి కట్టారు. ఆ తర్వాత దేశం మొత్తానికి బ్రాడ్‌గేజి వంతెనల లెక్క 1926లో ఒకటి వచ్చింది, అందులో ఒక్కో ఇరుసు మీద 22.9 టన్నులు. 1987లో ఇంకోటి వచ్చింది, ఇరుసుకి 25 టన్నులు, వెనకాల బండి బరువు మీటరుకి 8.25 టన్నులు. హేవలాక్ వంతెన ఈ రెండింటికంటే ముందు పుట్టింది. ఇప్పుడు మీరు చూసే బొగ్గు గూడ్సు బండిలో ఒక బాక్స్‌ఎన్ వ్యాగను నిండితే 81 టన్నుల పైమాట, పొడవు 10.7 మీటర్లు. అంటే మీటరుకి ఏడున్నర టన్నులు. ఒక్క 45.7 మీటర్ల గర్డరు మీదకి ఒకేసారి నాలుగు వ్యాగన్లు పైచిలుకు వస్తాయి, సుమారు 340 టన్నులు. వాల్టన్ గారి కాలంలో ఇంజను బరువుగా ఉన్నా వెనక పెట్టెలు తేలిక. ఇప్పుడు ఇంజను నుంచి గార్డు పెట్టె దాకా అంతా ఒకటే బరువు.

ఇంకో సంగతి, ఇది పాత ఇంజనీర్లు కూడా మర్చిపోతుంటారు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో చక్రం తిరిగినప్పుడల్లా పట్టా మీద సుత్తి దెబ్బ లాంటిది పడేది, ఎందుకంటే కడ్డీల బరువుని సరిచేయడానికి చక్రానికి వేరే బరువు బిగించేవారు. డీజిలు, కరెంటు ఇంజన్లు వచ్చాక ఆ దెబ్బ పోయింది. కాబట్టి కొత్త బండ్లు వంతెనని పాడుచేశాయని ఒకే మాటలో తేల్చడం సరికాదు. ఒక రకం హింస తగ్గింది, ఇంకో రకం పెరిగింది.

ఆ పెరిగిన రకం అలుపు. ఇనుప తీగని ఇటూ అటూ వంచుతూ పోతే కాసేపటికి తెగుతుంది చూడండి, అదే. ఇనుప కడ్డీల అల్లికతో చేసే పెద్ద గర్డర్లలో రకరకాల అవయవాలు ఉంటాయి. పెద్ద కడ్డీలకి ఒక బండి మొత్తం వెళ్ళిపోతే ఒక్కసారి బరువెక్కి దిగినట్టు లెక్క. కానీ పట్టాల కింద చిన్న దూలాలు ఉంటాయి, వాటికి ప్రతి బోగీ జత, అంటే వ్యాగన్ల కింది చక్రాల చట్రాల జత, ఒక దెబ్బే. 58 వ్యాగన్ల గూడ్సు ఒక్కటి వెళితే పెద్ద కడ్డీకి ఒక లెక్క, చిన్న దూలానికి 60 లెక్కలు. బయటి నుంచి చూస్తే పెద్ద కడ్డీలే భారం మోస్తున్నట్టు కనిపిస్తాయి, అలిసిపోయేది మాత్రం ఎవరికీ కనబడని చిన్న దూలాలు. మీరు ఘాట్ దగ్గర నిలబడి "గట్టిగానే ఉంది" అనుకునేది పెద్ద కడ్డీలని చూసి.

దీనికి తోడు ఆ కాలపు స్టీలు. వంతెనల మాన్యువల్లో ఒక నియమం ఉంటుంది. 1895కి ముందు తయారైన స్టీలుని 'ఎర్లీ స్టీల్' కిందే లెక్కపెట్టాలి, 1895–1905 మధ్యదైతే పరీక్ష చేయించి తేల్చుకోవాలి. ఎందుకంటే ఆ రోజుల్లో స్టీలులో భాస్వరం ఎక్కువగా ఉండిపోయేది. అలాంటిది వంగకుండా పుటుక్కున విరిగే గుణం చూపిస్తుంది, వెల్డింగు అసలు పనికిరాదు. మన వంతెన సరిగ్గా ఆ పదేళ్ళ మధ్యన పుట్టింది. అంటే ఎక్కడన్నా పగులు కనిపిస్తే వెల్డింగువాణ్ణి పిలిచి అతికించేసే వ్యవహారం కాదు. రివెట్లతోనో బోల్టులతోనో పట్టీ వేయాలి.

రివెట్లంటే గుర్తొచ్చింది. ఈ వంతెన మొత్తం రివెట్ల పనే, వాటిని పరీక్షించే పద్ధతి చెబితే మీకు నచ్చుతుంది. రివెట్టు తలకీ రేకుకీ రెండిటికీ తగిలేలా ఎడమచేతి చూపుడు వేలు ఆనించి, రెండో వైపునుంచి 110 గ్రాముల చిన్న సుత్తితో కొట్టాలి. వదులైన రివెట్టయితే వేలికి చిన్న కదలిక తెలుస్తుంది. ఏ మిషనూ లేదు, వేలే మిషను. ఎండాకాలం మధ్యాహ్నం ఇనుము కాలిపోతుంటే ఆ వేలు ఎలా ఉంటుందో ఊహించుకోండి. రివెట్టు చుట్టూ ఎర్రటి తుప్పు కారినట్టు కనిపిస్తే అది వదులైందని కొట్టకుండానే అర్థం. నేను చేరిన కొత్తలో ఒక వంతెన మీద ఇలా గుర్తుపెట్టిన రివెట్ల జాబితా ఇస్తే, ఒక కాంట్రాక్టరు మనిషి వాటిని మార్చకుండా పైన రంగు కొట్టించేశాడు. నెల తిరక్కుండా రంగులోంచి మళ్ళీ తుప్పు కారింది.

ఎండ మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. 45.7 మీటర్ల గర్డరు చలికాలం తెల్లవారుజాముకీ మే నెల మధ్యాహ్నానికీ మధ్య దాదాపు 20 మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే ఒక కొస బిగించి, రెండో కొసని బేరింగు మీద, అంటే గర్డరుకీ పియరుకీ మధ్య ఉండే ఆనుడు మీద కదలనిస్తారు. 56 ఖానాలకీ కలిపి ఒకటే గర్డరు అయితే ఆ సాగుదల మీటరు దాటిపోయేది. బేరింగుల్లో దుమ్మూ తుప్పూ చేరి బిగుసుకుపోతే గర్డరు తన కోపం పియరు మీద చూపిస్తుంది. బేరింగులు శుభ్రం చేసేటప్పుడు మా వాళ్ళకి చిల్లర దొరికేది, రైల్లోంచి గోదారమ్మకి వేసిన నాణేలు పియరు మీద పడి ఉండేవి. మొక్కుకున్నవాళ్ళ పుణ్యం ఎటు పోయిందో గాని, మా గ్యాంగుకి టీ ఖర్చులకి వచ్చేది.

ఇప్పుడు ముక్కలన్నీ కలపండి. ఒంటి లైను వంతెన. హౌరా–చెన్నై లాంటి ప్రధాన మార్గం. పాత లెక్కకి కట్టిన గర్డర్లు, అనుమానంగా చూడాల్సిన స్టీలు. ఈ మార్గంలో రెండో లైను కోసం 1974లో పైన రోడ్డు, కింద రైలుతో ఇంకో వంతెన వచ్చింది, ఊళ్ళో రోడ్ కం రైలు బ్రిడ్జి అంటారే అది. జెస్సప్ కంపెనీ కట్టింది. ఆ తర్వాత 1991లో పాత వంతెన పక్కనే కాంక్రీటు ఆర్చి వంతెన మొదలుపెట్టి 1997లో పూర్తి చేశారు, హిందుస్తాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ కట్టింది. అది వచ్చింది పాత వంతెన స్థానంలోకే. కాబట్టి 1997లో జరిగింది మరణం కాదు, పదవీ విరమణ.

పాత పియర్ల మీదే కొత్త గర్డర్లు వేసి ఉండొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. చాలా చోట్ల అలా చేశారు, దాన్ని రీగర్డరింగ్ అంటాం. కానీ 56 ఖానాల్లో ఒక్కో గర్డరు మార్చడానికి లైను ఆపాలి, ఆపితే బండ్లన్నీ ఒక్క రోడ్ కం రైలు వంతెన మీదే పోవాలి, ఏళ్ళ తరబడి. దాని బదులు పక్కన కొత్తది కట్టి, పూర్తయ్యాక లైను మార్చేసుకోవడమే తెలివైన పని. నేనైనా అదే రాసేవాణ్ణి.

మళ్ళీ రైళ్ళు నడపొచ్చా అంటే, నా జవాబు వద్దు అనే. ఎన్నో ఏళ్ళుగా బండి ఎక్కని గర్డరు, చిన్న దూలాల్లో ఎన్ని పగుళ్ళున్నాయో ఒక్కొక్కటీ చూస్తే గాని తెలియదు, బేరింగులు బిగిసి ఉంటాయి. అంత ఖర్చు పెట్టి సరిచేస్తే మనకి దక్కేది తక్కువ వేగంతో నడిచే ఒక ఒంటి లైను. టూరిస్టుల కోసం చిన్న బండి నడపాలని అప్పుడప్పుడూ ఎవరో ఒకరు అంటుంటారు. వినడానికి బాగుంటుంది. నేను సంతకం పెట్టను.

నడకదారి మాత్రం వేరే సంగతి. జనం కిక్కిరిసి నిలబడినా చదరపు మీటరుకి అర టన్ను అని లెక్క వేస్తాం. మూడు మీటర్ల వెడల్పు దారి అనుకుంటే మీటరు పొడవుకి టన్నున్నర, పైన పరిచే పలకల బరువు ఇంకొంత. బొగ్గు బండి పెట్టే ఏడున్నర టన్నులతో పోల్చుకోండి. పైగా మనుషులు బోగీల్లా దడదడా వెళ్ళరు, అలుపు సమస్య దాదాపు ఉండదు. కాబట్టి బరువు గురించి నాకు భయం లేదు. 2025 జూన్‌లో అఖండ గోదావరి ప్రాజెక్టుకి శంకుస్థాపన చేశారు, 94 కోట్ల పైచిలుకు, అందులో ఈ వంతెనని పర్యాటక స్థలంగా మార్చడం కూడా ఉంది. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి కాబట్టి తొందర కూడా ఉంటుంది.

నా భయాలు వేరే ఉన్నాయి. ఒకటి తుప్పు. రైళ్ళు నడిచినన్నాళ్ళూ ఐదేళ్ళకోసారి పాత రంగు గోకి కొత్త రంగు వేయడం ఒక నియమం, అందుకు మనుషులూ బడ్జెట్టూ ఉండేవి. రైళ్ళు ఆగాక ఆ శ్రద్ధ ఎవరికి ఉంటుంది? నడకదారి చేసే సంస్థ పైన టైల్సూ లైట్లూ వేసి, కింద బేరింగు దగ్గర పావురాల రెట్టలు పేరుకుపోతుంటే చూడకపోతే పదేళ్ళకి కథ మొదటికొస్తుంది. పక్షి రెట్ట ఇనుముని ఎంత తింటుందో మా పెయింటర్లని అడగండి. రెండోది రద్దీ. 2.7 కిలోమీటర్ల సన్నటి దారి, మధ్యలో దిగే చోటు లేదు, కింద నీళ్ళు. పుష్కరాల రోజుల్లో రెండు కొసల్లోంచీ జనాన్ని వదిలితే మధ్యలో ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. లోపలికి ఎంతమంది వెళ్ళారు, బయటికి ఎంతమంది వచ్చారు అని లెక్క ఉండాలి, ఒక వైపు నుంచి ఎక్కి రెండో వైపు దిగాలి, లేదా ఒక ముక్క మాత్రమే తెరవాలి. ఇంజనీరుగా గర్డర్లకి సర్టిఫికెట్ ఇవ్వగలను, గుంపుకి ఇవ్వలేను.

మరి కూల్చేయొచ్చు కదా అంటారా, అదీ చౌక పని కాదు. 56 గర్డర్లని నీటి మీద, పక్కనే బండ్లు నడిచే ఆర్చి వంతెనకి గీత పడకుండా దింపాలి. పియర్లని ఇసుక మట్టం కింది దాకా తీయాలి, సగం వదిలేస్తే మొండేల చుట్టూ సుడి తిరిగి పక్క వంతెన పునాదికి ఎసరు వస్తుంది.

ఆ పక్క వంతెన సంగతిలో ఒక అందమైన లెక్క ఉంది, చాలామంది గమనించరు. ఆర్చి వంతెనకి 28 ఖానాలు, ఒక్కోటి 97.55 మీటర్లు. పాత దానికి 56. సరిగ్గా సగం. అంటే పాత వంతెన రెండేసి ఖానాలకి కొత్తది ఒక ఆర్చి. ఇది కాకతాళీయం కాదు. కొత్త పియర్లు పాత పియర్ల మధ్య ఖాళీలో పెడితే నీళ్ళు ఒక వరస గుండా దూరి రెండో వరసకి గుద్దుకుంటాయి, రెండు వంతెనలకీ కోత పెరుగుతుంది. అందుకని పాత పియరు నీడలో కొత్త పియరు నిలబెడతారు. వాల్టన్ 1897లో ఎక్కడ బావి దింపాలనుకున్నాడో, తొంభై ఏళ్ళ తర్వాత కాంక్రీటు వంతెన కూడా ఆ గీతల్నే పట్టుకుని కట్టాల్సి వచ్చింది.

మీరు ఈసారి రాజమండ్రి వెళ్ళినప్పుడు గేటు దూకి వంతెన ఎక్కి సెల్ఫీలు మాత్రం దిగొద్దు, స్లీపర్ల మధ్య సందులు మీ కాలు కంటే పెద్దవి. పడవ మాట్లాడుకుని కాస్త నది మధ్యకి వెళ్ళి, నీటి వాలు వెంబడి నిలబడి చూడండి. ఒకచోట రెండు వరసల పియర్లూ ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఒకటే అయిపోతాయి. పడవ నాలుగు గజాలు జరిగితే మళ్ళీ విడిపోతాయి.